గేటు దగ్గరి బకెట్

కార్డమ్మను ఒక్కసారైనా తిట్టనివాడు ఆ ఊళ్ళో ఉన్నాడంటే వాడికి ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదన్నమాటే. రెఫరీ అన్నాక తిట్లు తినాలి మరి, అది ఉద్యోగంలో భాగం. ఎర్రకార్డు ఎంత తేలిగ్గా తీస్తుందో చూసి స్టాండ్స్‌లో ఎవడో వెటకారంగా తగిలించిన పేరది. ఆవిడ దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆటగాళ్ళూ అలాగే పిలిచారు, టీవీలో కామెంటరీ చెప్పేవాళ్ళూ అలాగే పిలిచారు, చివరికి ఇంట్లో అత్తగారు కూడా అసలు పేరు గాలికొదిలేసి "ఏమే కార్డమ్మా, టీ పెట్టావా?" అనడం మొదలెట్టింది.

అత్తగారి సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆవిడ నీలం జట్టు మనిషి. మామగారు బతికున్న రోజుల నుంచీ ఉత్తరం వైపు స్టాండ్‌లో అదే మెట్టు మీద కూర్చుని, పల్లీలు నములుతూ, రెఫరీల ఏడుతరాలనూ కడిగి ఆరేసిన నోరు. అలాంటి ఇంటికి కొడుకు రెఫరీని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. "లోకంలో ఆడపిల్లలే కరువయ్యార్రా నీకు?" అని నెత్తి బాదుకుంది పాపం. ఆ కొడుకు బస్సు డ్రైవరు. ఇద్దరి మధ్యా ఇరుక్కుని ఒక రాజీ కుదిర్చాడు: నీలం జట్టు ఆటకు కార్డమ్మ రెఫరీగా వెళ్ళిన రోజు అత్తాకోడళ్ళు అన్నం తినేదాకా మాట్లాడుకోకూడదు. అన్నం తిన్నాక ఎంతైనా తిట్టుకోవచ్చు.

ఆ రాజీ కూడా పోయిన సీజను ఆఖర్లో తలకిందులైంది. కప్పు ఎవరిదో తేలే ఆట. నీలం జట్టు గోలు ముందు ఎదుటి జట్టువాడొకడు కుప్పకూలాడు. కార్డమ్మ కంటికి కాలు తగిలినట్టే కనబడింది. విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చింది. దాంతో నీలం జట్టు ఓడింది, కప్పు పోయింది. సాయంత్రం టీవీలో అటు తిప్పి ఇటు తిప్పి చూపిస్తే తేలిందేమిటి? కాలు తగలనే లేదు. పడ్డవాడు పచ్చి నాటకాలరాయుడు!

అత్తగారు పళ్ళెం దగ్గర్నుంచి లేచిపోయింది. నీలం జట్టు యజమాని ఒంటికాలి మీద లేచాడు. అత్తగారి కోపానికి మందు ఉంది, మనవరాలిని పంపితే కరుగుతుంది. యజమాని కోపానికి మాత్రం లీగ్ ప్రెసిడెంటే దొరికాడు. ప్రెసిడెంటు ఈ యజమాని చెప్పిందే వేదం అనుకునే రకం. కొత్త సీజనుకు రెఫరీలు సంతకం పెట్టాల్సిన ఒప్పందంలో ఒక కొత్త షరతు వచ్చి కూర్చుంది: ఏ క్లబ్బైనా తనకు గిట్టని రెఫరీల పేర్లు ముందే కొట్టేయొచ్చు. కొట్టేసిన రెఫరీకి ఆ క్లబ్బు ఆటల్లో పని ఉండదు. పెద్ద క్లబ్బులు రెండు కొట్టేస్తే ఇక ఆ మనిషి ఇంట్లో కూర్చోవడమే.

రెఫరీలందరూ కలిసి ప్రెసిడెంటు గదికి వెళ్ళారు. వాళ్ళకు నాయకుడు పెద్దాయన, మోకాలు అరిగి పరిగెత్తడం మానేసి సంఘం పని చూస్తున్న పాత రెఫరీ. చల్లటి గది, గాజు బల్ల, గోడ నిండా కప్పులు. ఆ కప్పుల్లో ఒక్కటీ ప్రెసిడెంటు గెలిచింది కాదు.

ప్రెసిడెంటు పెద్దాయన మాట విననే లేదు. నేరుగా కార్డమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు చేసిన నిర్వాకానికే కదా ఇదంతా? అది పెనాల్టీయేనా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

రెఫరీ తన నిర్ణయం తప్పని బయటివాళ్ళ ముందు అనకూడదు. అది రాయని కట్టుబాటు.

"కాదండీ" అంది కార్డమ్మ. "పెనాల్టీ కాదు. తప్పు నాదే. టీవీలో చూసిన రాత్రి నాకు ముద్ద దిగలేదు."

ప్రెసిడెంటు మొహం వెలిగిపోయింది. "మరి?"

"మరేముందండీ, శిక్ష వెయ్యండి. కింది లీగుకు పంపండి, పిల్లల ఆటలకు వెయ్యండి, వెళ్తాను. కానీ శిక్ష మీరు వెయ్యాలి, యజమాని కాదు. నా కళ్ళతో చూసి తప్పు చేస్తే ఆ తప్పు నాది. ఆయన మొహం చూసి ఒప్పు చేసినా అది ఆట కాదు, ఆయన ఇంట్లో పనిమనిషి చేసే ఊడిగం. ఈ షరతుకు నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే గేటు బయటే ఉంటావు."

"గేటు బయట కూడా నేల ఉందిగా, నిలబడతాం" అంది కార్డమ్మ.

పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అందరూ బయటికొచ్చారు, మర్నాటి నుంచి వాళ్ళకు గేట్లు మూశారు. రెఫరీల గది తాళం మార్చారు. లోపల లాకర్లో ఉండిపోయిన బూట్లు కూడా ఇవ్వలేదు మహానుభావులు!

ఆటలు ఆగుతాయా? ఆగలేదు. బడుల్లో పిల్లల చేత గుంజీలు తీయించే డ్రిల్లు మాస్టర్లను పట్టుకొచ్చి నల్లచొక్కాలు తొడిగారు. పాపం వాళ్ళ తప్పేముంది? పిలిచారు, వచ్చారు. కార్డమ్మ ఇంట్లో టీవీ ముందు కూర్చుని పళ్ళు నూరేది. "అది ఆఫ్‌సైడు! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా!" అని అరిచేది. అత్తగారు పడీపడీ నవ్వేది.

"ఇప్పుడు తెలిసిందా మా బాధ? ఆదివారం నాతో రా. టికెట్టు కొనుక్కుని తిట్టేవాళ్ళ వైపు కూర్చో. ఒంటికి మంచిది."

అలా వెళ్ళింది కార్డమ్మ, అత్తగారి మెట్టు మీదికి. ఆ రోజు ఆట నీలం జట్టుకూ ఇటుకరంగు జట్టుకూ. ఇటుకరంగు వాళ్ళది పేద క్లబ్బు, అందరూ కుర్రాళ్ళే. రెఫరీ ఒక డ్రిల్లు మాస్టారు, బక్కపలచటి మనిషి. విజిల్ ఊదే ముందు ప్రతిసారీ ఆయన చూపు పైకి, యజమాని కూర్చున్న అద్దాల గది వైపు వెళ్ళి వస్తోంది. ఆ చూపు చూస్తూ కార్డమ్మ ఒడిలో చేతిసంచీ పెట్టుకుని పల్లీలు కూడా ముట్టకుండా కూర్చుంది.

రెండో సగంలో మూల నుంచి బంతి గాల్లోకి లేచింది. ఇటుకరంగు గోల్‌కీపర్ ముందుకు ఎగిరాడు. గాల్లోనే తన జట్టువాడి మోకాలు అతని కణతకు తగిలింది. కీపర్ కింద పడ్డాడు, పడ్డవాడు కదల్లేదు. బంతి దొర్లుకుంటూ నీలం జట్టు కెప్టెన్ ముందుకొచ్చింది. కెప్టెన్ కళ్ళు బంతి మీదే ఉన్నాయి, ఎదర గోలు ఖాళీ, మధ్యలో కింద ఆ తల. బంతి కోసం నలుగురైదుగురు ఒక్కుమ్మడిగా అటే దూకుతున్నారు.

మాస్టారు చూశాడు. విజిల్ నోటి దాకా తెచ్చాడు. అద్దాల గది వైపు చూశాడు. విజిల్ దించేశాడు.

ఆ తర్వాత జరిగింది కార్డమ్మ ఆలోచించి చేసింది కాదు. వంటగదిలో పాలు పొంగుతుంటే చెయ్యి ఎలా వెళ్తుందో అలా వెళ్ళింది ఆవిడ చెయ్యి సంచీలోకి. ఒక పొట్టి ఊత, వెంటనే ఒక పొడుగు ఊత. మనిషికి దెబ్బ తగిలింది, ఆగండి అని చెప్పడానికి ఆవిడ ఎప్పుడూ ఊదే తీరది. లీగులో ఆడేవాళ్ళకు ఆ ఊత నిద్రలో కూడా తెలుసు.

మైదానమంతా బిగుసుకుపోయింది. కెప్టెన్ కాలు గాల్లోనే ఆగింది. ఆటగాళ్ళు ఆగారు, లైన్‌మన్లు ఆగారు, ఆఖరికి మాస్టారు కూడా ఆగాడు! కెప్టెన్ కిందికి చూసి, తన బూటుకు జానెడు దూరంలో కీపర్ తల కనబడి, రెండు చేతులూ ఊపుతూ డాక్టరు కోసం కేకలు పెట్టాడు. డాక్టరు పరిగెత్తుకొచ్చి కీపర్‌ను పక్కకు తిప్పి, నాలుక గొంతుకు అడ్డం పడకుండా వేలు పెట్టి లాగాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని ఆయనే తర్వాత చెప్పాడు.

స్టాండ్‌లో తలలన్నీ మెల్లగా ఇటు తిరిగాయి. కార్డమ్మ నోట్లో విజిల్ ఇంకా అలాగే ఉంది. తీసి సంచీలో దాచుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. పక్కన అత్తగారు గుప్పిట్లో పల్లీలతో నోరు తెరుచుకుని చూస్తోంది.

"అది గోలే" అంది అత్తగారు నీరసంగా. "ఖాళీ గోలు. నా జట్టు గోలు మళ్ళీ మింగావు."

పోలీసులు వచ్చి కార్డమ్మను మర్యాదగానే బయటికి తీసుకెళ్ళారు. లీగ్‌వాళ్ళు ఆట మధ్యలో ఆపేసి, వచ్చే ఆదివారం మొదటి నుంచి ఆడించాలన్నారు.

ఇంటికొచ్చాక కార్డమ్మ విజిల్‌ను బల్ల మీద పెట్టి దానికేసి చూస్తూ కూర్చుంది. ప్రేక్షకులు విజిల్ ఊది ఆట ఆపడం తప్పు, ఆ రూలు ఆవిడే కొత్త రెఫరీలకు నేర్పించేది. అత్తగారు రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ టీ పెట్టడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పంచదార రెట్టింపు పడింది.

"ఆ కీపర్ కుర్రాడికి తల్లి ఉండే ఉంటుంది" అంది అత్తగారు. "ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంటుంది. తాగు, చల్లారిపోతుంది."

కార్డమ్మకు అప్పుడొచ్చింది ఏడుపు. అత్తగారు చూడనట్టు గోడ వైపు తిరిగి తన టీ తాగింది.

లీగ్ ఊరుకుంటుందా? ఎదురుచూస్తున్నదే దొరికింది. కార్డమ్మ కెమెరాల ముందు క్షమాపణ చెప్పి, షరతు మీద సంతకం పెట్టాలి. లేకపోతే జన్మలో మళ్ళీ రెఫరీ కాకూడదు. అంతటితో ఆగకుండా ప్రతి గేటు దగ్గరా ఇంతింత అక్షరాలతో బోర్డు పెట్టించారు: "విజిల్ ఊదే హక్కు ప్రేక్షకులకు లేదు. మీ విజిల్‌ను ఈ బకెట్‌లో వేసి లోపలికి వెళ్ళండి." కింద ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్. బాత్రూమ్‌లో పెట్టుకునేలాంటిది!

రెండ్రోజులు పోయాక పెద్దాయన వచ్చాడు. వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రెసిడెంటు పిలిచాడమ్మా. షరతు తీసేస్తానన్నాడు. అందర్నీ రేపే పనిలోకి తీసుకుంటానన్నాడు."

"మంచిదేగా బాబాయ్."

"నిన్ను తప్ప" అన్నాడు పెద్దాయన. ఆ మాట అనేసి మోకాలు రుద్దుకుంటూ పీట మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రమే టైర్ల కొట్టు మీద అద్దెకు తీసుకున్న సంఘం గదిలో అందరూ చేరారు. గదంతా రబ్బరు వాసన. మాటలు మొదలైన కాసేపటికే అరుపులయ్యాయి. కొందరు ఒప్పుకుందామన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒకతనికి నెలల పిల్ల, ఒకామె ఒంటరిగా తల్లిని చూసుకుంటోంది. ఆ నెలల పిల్ల తండ్రి కార్డమ్మ కళ్ళలోకి చూడలేక నేల చూపులు చూస్తూ అన్నాడు: "అక్కా, నువ్వే చెప్పు. మేమేం చెయ్యాలి?"

కార్డమ్మ లేచింది. ఆవిడకు భయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పదిహేనేళ్ళుగా పొద్దున్నే లేచి పరిగెత్తిన కాళ్ళు ఆవిడవి. ఆ పని తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని అక్కర్లేదు కూడా. అదే ఇప్పుడు పోయేలా ఉంది.

"సంతకాలు పెట్టాలనుంటే పెట్టండి, నేను ఎవర్నీ శాపనార్థాలు పెట్టను. కానీ ఒక్క సంగతి చూసి పెట్టండి. షరతు తీసేశామంటున్నారు. ఆ షరతు ఏమిటి? క్లబ్బుకు గిట్టని పేరు కొట్టెయ్యడం. ఇప్పుడు నాకు చేస్తున్నదేమిటి? అదే కదా? కాగితం మీద రాయకుండా చేస్తున్నారు, అంతే తేడా. అది కూడా మీ చేత చేయిస్తున్నారు. రేపు నీ పేరు గిట్టకపోతే తమ్ముడూ, అప్పుడు కాగితం కూడా అక్కర్లేదు. నేను క్షమాపణ చెప్పను. ఆ విజిల్ ఊదినందుకు చెప్పను. చచ్చినా చెప్పను!"

కింద కొట్టులో ఎవరో టైరు విప్పుతున్నారు. కాసేపటికి నెలల పిల్ల తండ్రే తల ఎత్తాడు. "నేను పెట్టను" అన్నాడు.

ఆ ఒక్క మాటతో గది తిరిగిపోయింది. పెద్దాయన మోకాలి నొప్పి మర్చిపోయి బల్ల మీద చరిచాడు. "అయితే ఆదివారం అందరం టికెట్లు కొనుక్కుని వెళ్దాం. బోర్డు పెట్టారుగా? గౌరవిద్దాం. అక్షరం పొల్లుపోకుండా గౌరవిద్దాం."

ఆదివారం గేటు దగ్గర జనం దారిచ్చి నిలబడ్డారు. రెఫరీలు వరసగా వచ్చారు, భుజాన కిట్ బ్యాగులతో. ఆట ఉన్నా లేకపోయినా ఆ బ్యాగు లేకుండా ఆదివారం ఇల్లు కదలరు వాళ్ళు. బ్యాగులు సామాను గదిలో పెట్టారు. ఒక్కొక్కరూ బోర్డు పైకి చదివి, మెడలోంచి విజిల్ తీసి బకెట్‌లో వేశారు. ఠంగున మొదటిది పడింది, అది పెద్దాయనది. ఆఖరున కార్డమ్మది. ఆ తర్వాత అత్తగారు ముందుకొచ్చి, కొంగుముడి విప్పి, మనవరాలి బొమ్మ విజిల్ తీసి అందులో వేసింది.

"రూలంటే రూలే కదా నాయనా" అంది గేటువాడితో. వాడు నవ్వాపుకోలేక చచ్చాడు.

ఉత్తరం స్టాండ్‌లో రెఫరీలు చేతులు కట్టుకుని ఒకే వరసలో కూర్చున్నారు. అరవలేదు, జెండాలు ఊపలేదు. మైదానం మధ్యలో నీలం జట్టు కెప్టెన్ బంతి ముందు నిలబడ్డాడు. మాస్టారు విజిల్ ఊదాడు.

ఎవరూ కదల్లేదు.

మాస్టారు మళ్ళీ ఊదాడు. కెప్టెన్ బంతి మీద కూర్చున్నాడు. మాస్టారి చొక్కాకు టీవీవాళ్ళ మైకు తగిలించి ఉంది కాబట్టి అతను అన్న మాట స్పీకర్లలో స్టేడియమంతా వినబడింది.

"మాస్టారూ, మీ మీద నాకు కోపం లేదు. ఆ రోజు నా కాలు ఇంకొంచెం ముందుకెళ్తే వాడి తల మీద పడేది. నన్ను ఆపింది మీరు కాదు. ఆపేవాళ్ళు లేకుండా మేం ఆడం."

ఇటుకరంగు జట్టు మొత్తం వచ్చి అతని చుట్టూ కూర్చుంది. తర్వాత నీలం జట్టూ కూర్చుంది. మాస్టారు కాసేపు దిక్కుతోచక నిలబడ్డాడు. ఈసారి అద్దాల గది వైపు చూడలేదు. మైదానం అంచు వెంబడి నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళి, తన విజిల్ కూడా బకెట్‌లో వేసి, ఇంటికెళ్ళిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు ఆయనకు. ఆ సీజనులో ఆయనకు పడ్డ మొదటి చప్పట్లు అవే.

చెమటలు కక్కుతూ ప్రెసిడెంటు మెట్లెక్కి వచ్చాడు.

"ఊదండమ్మా" అన్నాడు. 'మీరు' అన్నాడండోయ్! "మీరు ఊదితే వాళ్ళు లేస్తారు. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

కార్డమ్మ కట్టుకున్న చేతులు విప్పలేదు.

"నేను ప్రేక్షకురాలినండీ. టికెట్టు కొనుక్కున్నాను. ప్రేక్షకులకు ఊదే హక్కు లేదని మీరే రాయించారు. విజిల్ మీ బకెట్‌లో ఉంది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ప్రెసిడెంటు మొహం మాడిపోయింది. "ఈ ఆడమనిషి మీ కప్పు పోగొట్టింది! మర్చిపోయారా?" అని నీలం చొక్కాల వైపు తిరిగి అరిచాడు. అదే ఆయన చేసిన పొరపాటు. అత్తగారు లేచింది. ఒళ్ళో పల్లీలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"పోగొట్టింది! ఎవరు కాదన్నారు? దాని కళ్ళు కాకులు పొడవ, అది పెనాల్టీయే కాదు! నేను తిడతాను, మా ఆయన తిట్టాడు, ఈ స్టాండంతా తిడుతుంది. తిట్టే హక్కు మాది, టికెట్టు కొన్నాం. పీకేసే హక్కు ఆ అద్దాల గదిలో వాడికెక్కడిది? వాడు చెప్పినట్టు ఊదే రెఫరీని మేమెందుకు తిట్టాలి, వాణ్ణే తిడితే సరిపోదూ?"

స్టాండ్‌లో నీలం చొక్కాలన్నీ ఒక్కసారి లేచి అద్దాల గది వైపు తిరిగాయి. తర్వాత ఏమేం అన్నారో రాయడం కుదరదు. యజమాని పరదా లాగేసుకున్నాడు.

ప్రెసిడెంటు మైకు దగ్గరికి వెళ్ళాడు. షరతు రద్దన్నాడు. ఎవరి పేరూ కొట్టేసేది లేదన్నాడు. కార్డమ్మ పైనుంచి చెయ్యెత్తి అడిగింది: "నా పేరో?" అందరి పేర్లూ అన్నాడు. "పేరు పెట్టి చెప్పండి" అంది. చెప్పాడు. కార్డమ్మ అసలు పేరు ఆ ఊరు చాలా ఏళ్ళకు విన్నది అప్పుడే. ఎవరి గురించి చెబుతున్నాడో సగం మందికి అర్థం కాలేదు.

"బకెట్ ఎవరు తెస్తారు?" అన్నాడు పెద్దాయన అమాయకంగా.

ప్రెసిడెంటే తెచ్చాడు. కోటు చొక్కా మనిషి, ఎర్ర బకెట్ పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కి. రెఫరీలు అందులో చేతులు పెట్టి ఎవరిది వాళ్ళు వెతుక్కున్నారు. మనవరాలి బొమ్మ విజిల్ అత్తగారు తీసుకుని కొంగున ముడేసుకుంది.

ఆట ఆలస్యంగా మొదలైంది. నల్లచొక్కా తొడుక్కుని కార్డమ్మ మైదానం మధ్యలో నిలబడింది. ఊదింది, ఆట కదిలింది. కొంతసేపటికి ఇటుకరంగు గోలు ముందు నీలం కెప్టెన్ పడ్డాడు, పడి రెండు చేతులూ చాపి పెనాల్టీ అడిగాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. కార్డమ్మ దగ్గర్లోనే ఉంది, కళ్ళారా చూసింది. కాలు తగల్లేదు. తన కోసం ఆట ఆపి కూర్చున్న మనిషి ఇతనేగా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. చెయ్యి ఊపి ఆట సాగనిచ్చింది.

ఉత్తరం స్టాండ్ భగ్గుమంది. ఆ హోరు మొత్తంలో ఒక గొంతు విడిగా, స్పష్టంగా వినబడింది.

"ఏమే కార్డమ్మా! గుడ్డిదానా! ఇవాళ ఇంటికి రా, నీ సంగతి చెప్తా!"

గుండె నిండిపోయి, కార్డమ్మ బంతి వెనకాల పరిగెత్తింది.